పాత బొలెరోకి ఆయిల్ లీకు: గేరుబాక్స్ దించకుండా ఆపిన విధం (నా అనుభవం)

ఒడిశాలోని మా రాయగడలో పాత డీజిల్ బండి కింద నల్ల మరక కనబడితే షెడ్డులో చెప్పే మాట ఒకటే: "వెనక క్రాంక్ సీలు పోయింది, గేరుబాక్స్ దించాలి." క్రాంక్ అంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు; దాని చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే వలయమే ఆ సీలు. 2523 సీసీ డీఐ ఇంజన్ ఉన్న మా బొలెరోకీ అదే చెప్పారు. గేరుబాక్స్ ముట్టుకోకుండానే లీకు ఆగింది.

బండి నడుస్తుంటే ఫ్యాను గాలి, ఎదురుగాలి కలిసి ఆయిల్‌ని వెనక్కి తోస్తాయి. ఎక్కడ పుట్టినా చివరికి ఇంజన్‌కీ గేరుబాక్స్‌కీ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అడుగు నుంచే చుక్కగా దిగుతుంది. చుక్క పడే చోటు చూసి సీలు మారిస్తే డబ్బు పోతుంది, లీకు మిగులుతుంది. తడిసినవాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదాన్ని పట్టుకోవాలి.

అంతకన్నా ముందు, కారేది ఏమిటో తేల్చుకోవాలి. రాత్రి బండి కింద అట్ట పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీసి, పొద్దున్న మరకని వేలితో తీసి చూడండి. ఇంజన్ ఆయిల్ మసితో నల్లగా ఉంటుంది. గేరాయిల్ తేనె రంగులో చిక్కగా, గంధకం కంపు కొడుతుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలావరకు ఎర్రగా ఉంటుంది. మోసం చేసేది డీజిలే. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల మధ్య, మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపే సన్న ఓవర్‌ఫ్లో పైపులు ఎండి చిట్లితే, చెమర్చిన డీజిల్ ఇంజన్ పక్కన పేరుకున్న పాత జిడ్డుని కరిగించి కిందికి తెస్తుంది. చూడ్డానికి అచ్చం ఆయిల్ లీకే. పైగా అది తగిలిన ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. పాత ముక్క పట్టుకెళ్లి లోపలి కొలత సరిచూసి కొత్త పైపు కొనుక్కుంటే సరిపోతుంది. ఈ పని ముందు కానిచ్చి, తర్వాతే ఆయిల్ సంగతి చూడాలి.

కడగడంలో తొందర పనికిరాదు. ఘాట్ రోడ్ల ఎర్రమట్టి ఆయిల్‌తో కలిసి గడ్డకట్టి ఉంటుంది, చెక్కపుల్లతో గీకితే గానీ రాదు. ఇంజన్ చల్లారాక డైనమో, ఎయిర్ ఫిల్టర్ మూతి, వైరు కనెక్టర్లకి ప్లాస్టిక్ కవర్లు కట్టి, డీగ్రీజర్ పూసి బ్రష్‌తో రుద్ది, ప్రెషర్ తక్కువ పెట్టి నీళ్లు కొట్టాలి. పూర్తిగా ఆరాక మామూలు టాల్కం పౌడరు పల్చని గుడ్డలో మూటకట్టి, జాయింట్ల మీద, సీళ్ల చుట్టూ తట్టాలి. ఐడిలింగులో 20 నిమిషాలు ఉంచి, ఆపి, టార్చి వేసి చూడండి. ఆ తర్వాత ఎక్కుడు రోడ్డు మీద తిప్పాలి. లక్ష్మీపూర్ వైపు ఘాట్ ఎక్కితే చాలు. లోడు మీద పిస్టన్ల పక్కనుంచి చాంబర్లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోటు) గ్యాసు ఎక్కువ దిగుతుంది కాబట్టి, చదును రోడ్డు మీద దాక్కున్న లీకు అక్కడ బయటపడుతుంది.

పౌడరు మీద తడి గీతలు మూడు చోట్ల మొదలయ్యాయి: ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) వెనక మూల, ఆయిల్ ప్రెషర్ స్విచ్, డైనమో వెనకుండే వాక్యూమ్ పంపు రిటర్న్ పైపు. ఒకేసారి ఇన్ని చోట్ల కారితే ప్యాకింగులన్నీ ఒక్కసారే పాడయ్యాయని అనుకోనక్కర్లేదు, ముందు చాంబర్లో గ్యాసుని బయటికి వదిలే బ్రీతర్ పైపు చూడాలి. మా పైపు పీకితే లోపల మసి, ఆయిల్ కలిసి తారులా పేరుకుని, పుల్ల దూరేంత సందు మాత్రమే ఉంది. గ్యాసుకి పోయే దారి లేకపోతే చాంబర్లో ఒత్తిడి పెరిగి, బాగున్న సీలుని కూడా తోసుకుని ఆయిల్ బయటికి వస్తుంది. పైపుని శుభ్రం చేయొచ్చు; నొక్కితే అతుక్కుపోయేంత మెత్తగా ఉంటే మార్చేయాలి. తర్వాత ఐడిలింగులో ఆయిల్ మూత విప్పి కంత మీద తిరగేసి పెట్టండి. కాస్త అదరడం పాత డీజిల్‌కి సహజం. ఎగిరి పడుతుంటే, గుప్పుగుప్పున పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. అప్పుడు ఏ సీలు మార్చినా నిలవదు. గేజు కర్ర మీద పై గీత దాటి ఆయిల్ పోసి ఉన్నా లీకులు ఎక్కువవుతాయి, అదీ సరిచూసుకోండి.

ట్యాపెట్ కవర్ బోల్టులని ఎవరో బిగించి బిగించి కార్కు ప్యాకింగుని చిట్లగొట్టేశారు. కారుతోందని ఇంకో చుట్టు బిగించడం దగ్గరే ఈ ప్యాకింగు చస్తుంది. కవర్ తీసి, అంచు మీద స్కేలు నిలబెట్టి వంగిందేమో చూడాలి. రెండు ముఖాలూ జిడ్డు లేకుండా తుడిచి, కొత్త ప్యాకింగు వేసి, మధ్య నుంచి చివరలకి రెండు విడతల్లో బిగించాలి. మాన్యువల్ లెక్క దొరికితే అదే పాటించండి. పది నంబరు పానా పట్టే చిన్న బోల్టులకి సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. సిలికాన్ ట్యూబు మూలల్లో పల్చగా తప్ప పూయకూడదు. ఎక్కువైనది లోపలికి పిండుకుని, తెగి, చాంబర్లో ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే ఇంజన్‌కే చేటు.

ప్రెషర్ స్విచ్ వైరు టోపీ లాగితే పిన్ను చుట్టూ ఆయిల్ నిండి ఉంది. లోపలి పొర చిరిగిందన్నమాట. అలాంటప్పుడు స్విచ్ మార్చడమే. కొత్త స్విచ్ మరలకి ప్లంబర్లు వాడే తెల్ల టేపు చుట్టకండి. ఆ స్విచ్‌కి ఎర్తు బ్లాకు నుంచే అందుతుంది, పైగా టేపు ముక్కలు ఆయిల్ దారిలో పడతాయి.

వాక్యూమ్ పంపుని తేలిగ్గా తీసుకోకూడదు. డీజిల్ బండిలో బ్రేకుని తేలిగ్గా నొక్కనిచ్చే బూస్టర్ నుంచి గాలి లాగేది అదే. ఆ పంపుకి సన్న పైపులో ఇంజన్ ఆయిల్ వచ్చి, లావు రబ్బరు పైపులో చాంబర్లోకి దిగుతుంది. ఆ లావు పైపుకి బదులు నీళ్ల హోసు ముక్క వేస్తే, ఆయిల్ వేడికి ఉబ్బి జారిపోతుంది. ఆయిల్‌కి తట్టుకునే హోసే అడిగి తీసుకోవాలి. ఆ సన్న పైపుని బిగించే, మధ్యలో కంత ఉన్న బాంజో బోల్టుకి రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు వేయాలి. దొరక్కపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడి పనికొస్తాయి. పంపుకీ డైనమోకీ మధ్య సీలు పోతే ఆయిల్ డైనమో లోపలి బ్రష్‌ల మీదికి చేరి చార్జింగ్ పడిపోతుంది.

ముందు పుల్లీ వెనకాల ఉండే ముందు క్రాంక్ సీలు మా బండిలో పొడిగానే ఉంది. మీ బండిలో మార్చాల్సి వస్తే పుల్లీ మెడ మీద గోరు ఆనించి చూడండి. గాడి తగిలితే కొత్త సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకి కూర్చోబెట్టాలి, సీలు పెదవి (లోపలి అంచు) అరగని చోట ఆనుతుంది. స్ప్రింగు ఉన్న వైపు లోపలికే. మామూలు రబ్బరు సీలు పెదవికి ఆయిల్ రాయాలి, టెఫ్లాన్ సీలుని పొడిగానే ఎక్కించాలి.

రాయగడలో లేని ప్యాకింగులు పార్వతీపురం, విజయనగరం షాపుల నుంచి తెప్పించుకోవచ్చు. బొలెరోలో ఇంజన్లు మారుతూ వచ్చాయి కాబట్టి ఛాసిస్ నంబరు, పాత ముక్క ఫోటో రెండూ పంపండి. కిందికి దూరే ముందు స్టాండ్లు పెట్టుకోండి. ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు.

చాంబర్ ప్యాకింగు దగ్గర ఇంకా సన్నగా చెమరుస్తోంది, చుక్క మాత్రం పడట్లేదు. గేజు కర్ర మీద లెవెల్ తగ్గట్లేదు కాబట్టి దాన్ని వచ్చే ఆయిల్ మార్పు వరకు వదిలేశాను. క్లచ్ ప్లేటు అరిగిన రోజు గేరుబాక్స్ ఎలాగూ దిగుతుంది. వెనక క్రాంక్ సీలు, దాంతోపాటే గేరుబాక్స్ ముందువైపు సీలు అప్పుడు వేయిస్తాను.