మ్యోడెన్ గట్టు మీద దొందు చేప

నిన్న సాయంత్రం నాన్నా నేనూ కాలువలోకి దిగాం. వేసవిలో కాలువలు కట్టేశాక మా ఊరి పంట కాలువ అడుగున అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. మోకాలి లోతు కూడా ఉండని ఆ నీళ్లలో, ఇసుక రంగులో కలిసిపోయి దొందులు దాక్కుంటాయి. నేనుండే జపాన్‌లో ఏప్రిల్ 29కీ మే 5కీ మధ్య నాలుగు పండగ సెలవులు వస్తాయి. ఆ వారాన్ని గోల్డెన్ వీక్ అంటారు. మధ్యలోని పనిరోజులకు కూడా సెలవు పెట్టి, ఈసారి అమలాపురం దగ్గరున్న మా ఇంటికి వచ్చేశాను. ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు, బయట కాలువ ఎండింది. ఇంతకన్నా మంచి రోజులు నాకు దొరకవు.

నేను కాలువలో కాలు పెట్టి ఇరవై రెండేళ్లయింది. పన్నెండేళ్లు వచ్చేదాకా నాన్న వెనకాలే గట్టు వెంబడి తిరిగేదాన్ని. వెదురు కర్ర, నెమలి ఈక కాడతో చేసిన బెండు, కొబ్బరి చెట్ల పాదుల్లో తవ్వి తీసిన ఎర్రలు. ఒకరోజు మామ్మ గాలం కర్ర నా చేతిలోంచి తీసుకుని చూరులో దోపేసింది. "ఆడపిల్లవి, నలుగురూ నడిచే గట్టు మీద కూర్చోవడమేమిటే" అంది. నాన్న అక్కడే ఉన్నారు. ఏమీ అనలేదు. మామ్మ మాట మర్చిపోయాను గానీ, నాన్న మాట్లాడకపోవడం చాలా ఏళ్లు మర్చిపోలేదు.

ఏడేళ్లుగా టోక్యోలో, ఎడోగావా వార్డులోని నిషికసాయ్‌లో ఉంటున్నాను. మనదేశం వాళ్లు చాలామంది ఉండే పేట అది. చింతపండుకూ కందిపప్పుకూ లోటు లేదు. కొమత్సునా అనే ఆకుకూర పేరు ఈ వార్డులోని కొమత్సుగావా నుంచే వచ్చిందంటారు. పప్పులో వేస్తే లేత ఆవాకు ఘాటు లీలగా తగులుతుంది, నాకు ఇష్టం. తిండికి బెంగ లేదు. బెంగంతా శని, ఆదివారాలదే. మొదటి రెండేళ్లూ ఆ రెండు రోజులూ బట్టలు ఉతకడం, వారానికి సరిపడా వండి పెట్టుకోవడం, అమ్మకు ఫోను చేయడం, నిద్రపోవడం. అంతే.

మూడో ఏడు సెప్టెంబరులో, శరద్విషువత్తు సెలవు రోజున, ఆఫీసులో నాతో పనిచేసే ఆమె కొత్త ఇల్లు చూడటానికి మ్యోడెన్ వెళ్లాను. తోజాయ్ లైనులో మాకు అయిదో స్టేషను. తిరిగి వస్తూ నది వైపు నడిచాను. గట్టు ఎక్కేసరికి అవతల వాలు పొడవునా మనుషులు. పిల్లలు, తండ్రులు, ముసలివాళ్లు, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు. అందరి చేతుల్లో సన్నని గాలం కర్రలు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు, బెండునే చూస్తున్నారు.

ఎడోగావా నది వరదను సూటిగా సముద్రంలోకి పంపడానికి వందేళ్ల కిందట తవ్విన పాయ అది. ఎగువన గ్యోతొకు దగ్గర 1957లో కట్టిన ఆనకట్ట ఉంది. దాని గేట్లు మామూలు రోజుల్లో మూసే ఉంటాయి, నదికి పెద్ద వరద వస్తేనే ఎత్తుతారు. అందుకే దిగువన ఉండేవి పోటుకు ఎక్కి పాటుకు దిగే ఉప్పునీళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, మా ఇంట్లో అన్నం ఆ నీటితో పండిందే. ఎగువ, దిగువ, పోటు, పాటు అన్న మాటల మధ్య పెరిగినదాన్ని. ఆ ఊళ్లో దారి అడగకుండా నాకు అర్థమైన మొదటి సంగతి ఆ నీళ్లే.

మడత స్టూలు మీద డెబ్బై ఏళ్లు దాటిన ఒకావిడ కూర్చుని ఉన్నారు. పక్కన నిలబడి "త్సురెమాస్ కా" అన్నాను. గట్టు మీద అందరూ అనే మాటే. మన కాలువ గట్టు మీద "ఏమైనా పడ్డాయా" అన్నట్టే. ఆవిడ నవ్వి బకెట్టు చూపించారు. తరవాత తన రెండో కర్ర నా చేతికిచ్చారు.

పది నిమిషాలకు బెండు మునిగింది. వేలెడు చేప. ఇసుక రంగు, పక్కల్లో నల్లని మచ్చలు, నెత్తి మీదకు ఎక్కినట్టున్న కళ్లు, ఒంటికి మించిన నోరు. అరచేతిలో వెల్లకిలా తిప్పాను. పొట్ట కింద రెండు రెక్కలు కలిసిపోయి చిన్న గిన్నెలా ఉన్నాయి. మళ్లీ బోర్లా తిప్పేసరికి ఆ గిన్నె నా చర్మాన్ని పట్టుకుంది. చెయ్యి వంచినా జారలేదు. ఆ పట్టు నా చేతికి తెలుసు. "దొందు!" అని తెలుగులోనే గట్టిగా అన్నాను. ఆవిడ "హజె" అన్నారు. తరవాత చదివి తెలుసుకున్నాను, రెండూ దగ్గరి చుట్టాలైన చేపలు.

అప్పటినుంచి ఆగస్టు మొదలు నవంబరు దాకా నా శనివారాలు ఆ గట్టు మీదే. హజె చాలావరకు ఏడాది బతికే చేప. వేసవిలో వేలెడుంటుంది, చలి ముదిరేసరికి బాగా ఎదిగి, గుడ్లు పెట్టడానికి లోతు నీళ్లలోకి పోతుంది. శుక్రవారం రాత్రి పోటు వేళలు చూసి అలారం పెట్టుకుంటాను. ఎరకు సముద్రపు పురుగులు కొంటాను. వాటిని గుచ్చడానికి నాకు జంకు లేకపోవడం చూసి ఆవిడ ముచ్చటపడ్డారు. చేపలు శుభ్రం చేశాక తలలూ పేగులూ పాత కాగితంలో చుట్టి, చెత్త బండి వచ్చే రోజు వరకు ఫ్రీజర్‌లో పెట్టడం కూడా ఆవిడ నేర్పిందే. అపార్టుమెంట్లో వాసన వస్తే పక్కింటివాళ్లు పైకి ఏమీ అనరు, అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి.

అక్కడ హజెను వెన్ను దగ్గర చీల్చి, ముల్లు తీసి, పల్చని పిండిలో ముంచి టెంపురా వేస్తారు. చాలా బాగుంటుంది. నేను మాత్రం చింతపండు పులుసు పెట్టి, ఒక డబ్బాలో ఆవిడకు ఇచ్చాను. మరుసటి శనివారం ఆ డబ్బా నిండా జపాన్‌వాళ్లు కాకి అనే పెర్సిమన్ పండ్లు వచ్చాయి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మామ్మ కూడా అనేది.

నిన్న మడుగులో నాన్న రెండు చేతులూ ఇసుకలోకి పోనిచ్చి మొదటి దొందును పట్టారు. ఆయన దాన్ని తిప్పి పొట్ట కింద గిన్నె చూపించారు, నేను అడగలేదు. "చిన్నప్పుడు దీన్ని బిందెకు అతికించి, పడేదాకా లెక్కపెట్టేదానివి" అన్నారు. నాకు గుర్తులేదు. ఆయనకు ఉంది.

ఫోనులో మ్యోడెన్ గట్టు ఫొటోలు చూపించాను. స్టూలు మీద ఆవిడను చాలాసేపు చూశారు. తరవాత గాలం దగ్గరకు జరిపి, ఫొటో పెద్దది చేయమన్నారు.

"ఇంత సన్నగా ఉంటే దొందు నోట్లో బాగా దిగుతుంది. మళ్లీ వచ్చేటప్పుడు ఇలాంటివి నాలుగు తీసుకురా అమ్మలూ. రెండు నాకు, రెండు నీకు."

పన్నెండు దొందులు పడ్డాయి. అమ్మ మామిడికాయ వేసి దాకలో పులుసు పెట్టింది.