మోడు చుట్టూ పిలకలు

ఖమ్మం జిల్లాలో మా 4 ఎకరాల జామాయిల్ (యూకలిప్టస్) తోట మధ్య, రేకుల గదిలో నేను కాపురం పెట్టి ఇది ఆరో ఏడాది. చెట్టును నరకడంతో పని ముగిసిందనుకునేవారికి అసలు పని అక్కడే మొదలవుతుందని నచ్చజెప్పడం కష్టం. మోడును నేలనుంచి బెత్తెడు ఎత్తులో, నీరు నిలవకుండా కాస్త ఏటవాలుగా, బెరడు చీలకుండా కోయాలి. గొడ్డలి దెబ్బకు బెరడు ఊడిన మోళ్ళు చాలావరకు ఎండిపోవడం మొదటి కోతలోనే చూశాను. బాగున్న మోడు చుట్టూ కొద్ది వారాల్లోనే ఎర్రటి లేత పిలకలు గుత్తిగా లేస్తాయి. ఏడాదిలోపు వాటిలో బలమైన రెండింటిని తర్వాతి కోత కోసం ఉంచి మిగిలినవి కొట్టేస్తాను. పైఅంచున పుట్టిన పిలక ఎంత ఏపుగా ఉన్నా ఈదురుగాలికి బెరడుతో సహా విరిగిపోతుంది కనుక, మోడు కింది భాగంలో పుట్టినవాటినే ఎంచుకుంటాను.

కోసిన రోజున కర్ర మీది బెరడు అరటితొక్కలా ఒలిచి వస్తుంది. రెండు రోజులు ఆగితే కర్రను పట్టుకొని వదలదు. మొదటి కోతప్పుడు లారీ పంపుతానన్న వ్యాపారి పన్నెండు రోజులు ఆలస్యం చేయడంతో, టన్నుల లెక్కన అమ్మవలసిన కర్ర ఎండకు తేలికై నా లెక్కంతా తారుమారైంది.

రాలిన ఆకులో నూనె ఉంటుంది కాబట్టి, నిప్పు పాకకుండా వేసవికి ముందే తోట చుట్టూ మూడు మీటర్ల వెడల్పున నేల చెక్కిస్తాను. దీన్ని అడవి అనడానికి మాత్రం నాకు మనసొప్పదు, దీని కింద గడ్డి కూడా సరిగా మొలవదు. వాగు ఒడ్డున మిగిలిన కానుగ చెట్లను అందుకే ఎన్నడూ ముట్టుకోలేదు. సాయంత్రం పిట్టలన్నీ చేరేది వాటి మీదికే.