బాకీలన్నీ మైనస్‌లో

మా బాబాయి పెయింట్ల షాపులో లెక్కలన్నీ ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లోనే. ఎవరు ఎంత బాకీ ఉన్నారో రోజూ ఫోన్‌లో చూసుకోవాలని ఆయన కోరిక. ‘ఒక్క ఆదివారం పని’ అని నేనే గొప్పలు పోయాను. మూడు ఆదివారాలు పట్టింది.

ట్యాలీలో సెట్టింగు ఆన్ చేసి, అందులో మన కంపెనీ ఖాతా తెరిచి ఉంచితే, మామూలుగా 9000 పోర్టులో (వేరే ప్రోగ్రాములు దానితో మాట్లాడే ద్వారం) అది మన మాట వింటుంది. ఎక్స్‌ఎంఎల్‌లో (ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఓ పద్ధతి) అడిగితే ఎక్స్‌ఎంఎల్‌లోనే జవాబిస్తుంది. దాన్ని పైథాన్‌ ప్రోగ్రాముతో విడదీసి మైఎస్‌క్యూఎల్‌ డేటాబేస్‌లో వేశాను. సంబరంగా చూపిస్తే, కస్టమర్ల బాకీలన్నీ మైనస్‌లో!

“ఏరా, అంటే మనమే వాళ్ళకి ఇవ్వాలా?” అన్నాడు బాబాయి.

బయటికి పంపేటప్పుడు ట్యాలీ డెబిట్‌ని, అంటే కస్టమర్లు మనకి ఇవ్వాల్సిన బాకీని, మైనస్ గుర్తుతో ఇస్తుందని అప్పుడు తెలిసింది. (ఈలోపు షాపు దివాలా తీసిందేమోనని ఓ క్షణం టెన్షన్ పడ్డాను.)

గుర్తు తిప్పేశాక ఇంకో చిక్కు. బాకీలు తెచ్చేందుకు రాత్రి 10 గంటలకి పెట్టిన స్క్రిప్టు (దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రాము) రోజూ ఫెయిల్. తీరా చూస్తే గుమస్తా గారు 8కే ట్యాలీ మూసేసి, సిస్టమ్ ఆపేసి, గోడ మీది స్విచ్ కూడా కట్టేసి వెళ్తున్నారు. కరెంటు బిల్లు గురించి రోజూ సణిగేది బాబాయే కాబట్టి గుమస్తా గారిని ఏమీ అనలేం. ఇప్పుడు స్క్రిప్టు గుమస్తా గారి భోజనం వేళ నడుస్తోంది.

బాబాయి మాత్రం ఇంకా ఆ ఎర్ర అట్ట ఖాతా పుస్తకమే తిరగేస్తున్నాడు.