సర్వర్ ఖర్చు ఎవరిది?

రాసిన పోస్టులకు పడే ఓట్లను బట్టి టోకెన్లు, అంటే డిజిటల్ నాణేలు, పంచే ఒక సోషల్ నెట్‌వర్క్‌లో కొన్నాళ్లు గడిపాను. ఓటు బరువు చేతిలో ఉన్న టోకెన్లను బట్టి ఉండటంతో, నాతో సహా చాలామందిమి పెద్ద ఖాతాల కంటపడే రాతలే రాయడం మొదలుపెట్టాం. నిజం చెప్పాలంటే, చదవకుండానే మెచ్చుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఇప్పుడు మాస్టోడాన్‌లో ఉన్నాను; అది ఒకే కంపెనీ చేతిలో కాక, ఎవరికి వారు నడుపుకునే సర్వర్లు కలిసిన సోషల్ నెట్‌వర్క్. నేనున్న సర్వర్ సభ్యుల విరాళాలతో నడుస్తోంది. ప్రకటనలు లేవు, పోస్టులు వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి, సంభాషణ నింపాదిగా సాగుతుంది. అయితే నిర్వహణ భారమూ, తగవులు తీర్చే పనీ ఒకరిద్దరి మీదే పడుతున్నాయి, వారు అలసిపోతే మేమంతా మూటాముల్లె సర్దుకోవలసిందే. 2024లో కోటిన్నర డాలర్ల పెట్టుబడి అందుకున్న బ్లూస్కై అనే మరో సోషల్ నెట్‌వర్క్ గురించి మిత్రులు ఉత్సాహంగా చెబుతున్నప్పుడు, ఆ పెట్టుబడిదారులు ప్రతిఫలంగా ఏమి ఆశిస్తారన్నదే నాకు ముందుగా తట్టింది. ఈ నెల మా సర్వర్‌కు ఇచ్చే చందా కొంత పెంచాను.