ఉప్పు ఎక్కువైందన్న రోజు

రెండేళ్ల కిందట డిప్రెషన్ ముదిరి తిండి మానేశాను. పంతంతో కాదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే నమలాలని తోచేది కాదు, అంతే. పదకొండు కిలోలు తగ్గాను. మందులు రెండుసార్లు మార్చినా గుణం కనపడకపోయేసరికి డాక్టరుగారు ఈసీటీ అన్నారు, అంటే తలకి కరెంటు పెట్టి చేసే వైద్యం. మా ఇంట్లో వాళ్ల మాటల్లో కరెంట్ షాక్.

"మెదడు కోసేస్తారంట కదమ్మాయ్, మనిషి మొద్దైపోద్దంట" అన్నాడు మా మేనమామ. ఆ రెండూ వేరని ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. నిద్ర ఎలాగూ పట్టదు కాబట్టి ఆ రాత్రి ఫోన్లో వెతికాను. ఆ స్థితిలో చదవకూడనిదంతా చదివేశాను.

మామయ్య అన్నది లోబోటమీ గురించి. లోబ్ అంటే మెదడులో ఒక భాగం, టోమీ అంటే కోత. 1935 నవంబరులో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ అనే న్యూరాలజిస్టు దీన్ని మొదలుపెట్టాడు. నుదుటి వెనకున్న మెదడుకీ లోపలి భాగాలకీ మధ్య ఉండే నరాల పోగుల్ని తెంపేస్తే, ఒకే ఆలోచన చుట్టూ గానుగెద్దులా తిరిగే మనసు ఆగుతుందని ఆయన ఊహ. మొదట్లో కత్తి కూడా వాడలేదు, పుర్రెకు రంధ్రాలు పెట్టి ఆల్కహాల్ ఎక్కించారు. 1949లో దీనికి నోబెల్ బహుమతి వచ్చింది!

అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ అసలు పుర్రె తెరిచే పనే లేకుండా చేశాడు. 1946 నుంచి, ఐసు ముక్కలు కొట్టే ఊచలాంటిదాన్ని పైరెప్ప కింద పెట్టి, సుత్తితో కొట్టి దింపి, అటూ ఇటూ ఆడించేవాడు. ఆయన సర్జన్ కూడా కాదు. ముందుగా రోగికి స్పృహ తప్పించడానికి ఏం వాడేవాడో చదివాక ఫోన్ బోర్లించేశాను. కరెంట్ షాక్.

మర్నాడు డాక్టరుగారిని ఇదంతా అడిగాను. ఆయన నవ్వలేదు, అది నాకు నచ్చింది. 1940ల్లో బెంగళూరులోనూ ఆ ఆపరేషన్లు జరిగాయనీ, 1950ల్లో మనోవ్యాధికి క్లోర్‌ప్రోమజీన్ అనే మందు వచ్చాక తగ్గుముఖం పట్టాయనీ చెప్పారు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తూ, కండరాలు వదులు చేసే మందూ లేకుండా ఈసీటీ ఇవ్వకూడదట. మనోవ్యాధికి మెదడు ఆపరేషన్ చేయాలంటే రోగి ఒప్పుకోవాలి, పైగా ఆ చట్టం కింద ఏర్పడ్డ బోర్డు అనుమతీ కావాలి. "మీరు సంతకం పెడితేనే ఇది కూడా" అని కాగితం అమ్మ వైపు కాకుండా నా వైపు జరిపారు.

రాత్రి చదివినవాటిలో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన కెనెడీ చెల్లెలు రోజ్‌మేరీ గుర్తొచ్చింది. 1941లో ఇరవై మూడేళ్లకి తండ్రి నిర్ణయంతో ఆమెకు లోబోటమీ చేశారు. కోస్తున్నంతసేపూ ఆమెతో మాట్లాడిస్తూ, మాట తడబడ్డాక ఆపారట. ఆ తర్వాత ఆమెకు నడక, మాట సరిగ్గా లేకుండా పోయాయి. అప్పట్లో గొడవ చేసే మనిషి ఊరుకుంటే చాలు, చాలామంది డాక్టర్లకది బాగుపడ్డట్టే లెక్క. ఆ లెక్కన నేను అప్పటికే బాగున్నాను. నెల రోజులుగా ఎవరితోనూ గొడవ లేదు.

సంతకం పెట్టాను. రోజు మార్చి రోజు, ఆరు సిట్టింగులు. అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా లేవు. కణతల మీద చల్లటి జెల్, చేతికి సూది, తర్వాత ఏమీ తెలీదు. లేచేసరికి దవడ నొప్పి, తలనొప్పి. ఊరికే పోలేదు లెండి. ఏటీఎం పిన్ మర్చిపోయాను. పిన్నిగారి అమ్మాయి పెళ్లి ఫొటోలో ఆకుపచ్చ పట్టుచీరలో నవ్వుతున్నది నేనే. ఆ పెళ్లి ఇప్పటికీ గుర్తు రాలేదు.

నాలుగో సిట్టింగ్ అయిన సాయంత్రం అమ్మ బీరకాయ కూర కలిపి ముద్ద పెట్టింది.

"ఉప్పు ఎక్కువైందమ్మా" అన్నాను.

అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఏదీ, మళ్లీ అను" అంది. ఎంగిలి చేత్తోనే ఫోన్ తీసుకుని మామయ్యకి చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, నా కూరకి వంక పెడుతోందిరా!"