కొండమేక గిట్ట, ఉప్పు రుచి

హన్మకొండలో పద్మాక్షి గుట్ట పక్కగా ఉదయపు నడకకు వెళ్లినప్పుడు, నేనైతే చేతులు ఆనించి పాకవలసిన ఏటవాలు బండ మీద మేకలు తీరిగ్గా నిలబడి ఆకు నములుతూ కనిపిస్తాయి. వాటిని చూసినప్పుడల్లా, ఎన్నాళ్లుగానో ఆసక్తితో చదువుతున్న ఉత్తర అమెరికా కొండమేక గుర్తుకు వస్తుంది.

పేరులో మేక ఉన్నా అది అసలు మేక కాదు. మన ఇళ్లలోని మేక కాప్రా ప్రజాతికి చెందినది కాగా, కొండమేకను ఓరియామ్నస్ అనే వేరే ప్రజాతిలో ఉంచారు. రాకీ, కాస్కేడ్ పర్వతాల నుంచి అలాస్కా దక్షిణ ప్రాంతం వరకు, చెట్లు పెరగని ఎత్తులలోని రాతిగోడలే దాని నివాసం.

నన్ను ఆశ్చర్యపరిచేది దాని గిట్ట. రెండు చీలికలూ విడివిడిగా విచ్చుకుంటాయి; గట్టి అంచు రాతి పగులును పట్టుకుంటే, లోపలి మెత్తటి గరుకు భాగం నున్నటి బండ మీద జారకుండా ఆనుతుంది. తోడేలు, ఎలుగుబంటి సులువుగా రాలేని చోటే దానికి క్షేమం కనుక, పుట్టిన కొద్ది గంటలకే పిల్ల ఎక్కడం మొదలుపెడుతుంది. పిల్ల జారితే అడ్డుపడేందుకు తల్లి తరచుగా దిగువ వైపున నిలబడుతుంది. అయినా మంచుచరియల నుంచి తప్పించుకోవడం వాటికీ కష్టమే. మందలో పెత్తనం మాత్రం ఆడవాటిదే.

ఇక వాటి బలహీనత ఉప్పు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ పర్వతాలకు ఇవి సహజవాసులు కావు. 1920లలో వేట కోసం తెచ్చి వదిలారు. ఉప్పు దొరికే నేలలు అక్కడ అరుదు కావడంతో అవి నడకదారుల వెంట మనుషుల చెమటనూ మూత్రాన్నీ వెతుక్కుంటూ తిరిగేవి. 2010లో ఒక మేక కొమ్ముతో పొడవడంతో ఒక పాదచారి మరణించాడు. అరుదైన మొక్కలకు కూడా వాటి వల్ల నష్టం జరుగుతున్నందున, 2018 నుంచి 2020 వరకు మూడు వందలకు పైగా మేకలను పట్టుకొని, కళ్లకు గంతలు కట్టి, హెలికాప్టర్‌కు వేలాడదీసి తరలించి, చివరకు కాస్కేడ్ పర్వతాలలో వదిలారు. తెచ్చి వదిలింది మనుషులు, నేరం మోసింది మేకలు అని నాకు అనిపిస్తుంది.

గుట్ట దగ్గరి కాపరికి ఈ సంగతంతా చెబితే, ఆయన శ్రద్ధగా విని, "గంత దూరం మోసుడెందుకు సార్, నాలుగు ఉప్పుగల్లులు ఏస్తే అయిపోవు గదా" అన్నాడు.