ఎడమ చెవి

పొద్దున లేచేసరికి ఎడమ చెవి పట్టేసింది. నొప్పి లేదు, చీము లేదు, లోపల హోరు మాత్రం ఆగడం లేదు. ఫోను ఆ చెవికి పెట్టుకుంటే చెల్లెలు మాట్లాడుతోందని తెలుస్తోంది గానీ, ఏం మాట్లాడుతోందో తెలియడం లేదు. ముందురోజే కొండ దిగి వచ్చాం. ఘాట్ రోడ్డులో చెవులు పట్టేయడం తిరుపతివాళ్ళకు కొత్తేం కాదు, గుటక వేస్తే వదిలిపోతుంది. ఇది వదల్లేదు. అత్తమ్మ వెల్లుల్లి వేసి నూనె కాచబోతే మా ఆయన వద్దన్నాడు. వీధి చివర క్లినిక్‌లో టార్చి వేసి చూసి గులిమి అన్నారు. చుక్కలు రాసి వారం తర్వాత రమ్మన్నారు.

బడికి పోయాను. ఎడమ వరసలో పిల్లవాడు "టీచర్" అని పిలిస్తే కుడివైపు తిరిగాను. సాయంత్రం లీలామహల్ సర్కిల్ దాటుతుంటే హారన్ ఎటునుంచి మోగుతోందో అంతుపట్టక రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. శబ్దం రెండు చెవులకూ ఒకే క్షణంలో చేరదు. ఆ రవ్వంత తేడాను పట్టుకునే మెదడు దిక్కు చెబుతుంది. నాకు ఆ దిక్కు పోయింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన "వారం దాకా ఏందిమే, పద" అని అప్పుడే ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు.

ఆమె మొదట తీసింది రెండు కొమ్ముల ఉక్కు ఫోర్కు. మోచేతికి కొట్టి, దాని కాడను నా నుదుటి మధ్య ఆనించి, "ఏ చెవిలో వినిపిస్తోంది?" అంది. కుడి చెవిలో అన్నాను. ఆమె ముఖం మారింది. గులిమి అడ్డుపడితేనో, చెవిలో నీరు చేరితేనో ఆ మోత మూసుకున్న చెవిలోనే గట్టిగా వినిపిస్తుందట. బాగున్న చెవికి పోయిందంటే లోపలి చెవో, నరమో దెబ్బతిన్నట్టు. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ ఫోర్కు ప్రతి చిన్న క్లినిక్‌లో, ప్రతి పీహెచ్‌సీలో ఉండాలని ఆ రోజునుంచి గట్టిగా అనుకుంటున్నాను.

వెంటనే వినికిడి కొలిచే ఆడియోమెట్రీ గదిలో కూర్చోబెట్టారు. ఎడమ చెవికి పరీక్ష పెడుతూ కుడి చెవిలో దోసె పోసినప్పటి చుయ్‌మనే చప్పుడు వదిలారు. గట్టి శబ్దం పుర్రె ఎముక గుండా అవతలి చెవికి పాకిపోతుంది కాబట్టి, బాగున్న చెవి సాయం చేయకుండా దాన్ని అలా మభ్యపెడతారు. తర్వాత తెలుగు మాటలు వినిపించి తిరిగి చెప్పమన్నారు. "గంప" అంటే "కంప" అన్నాను. "పలక" అంటే ఏమీ అనలేకపోయాను. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలతో పలక మీద అక్షరాలు దిద్దించినదాన్ని. అక్కడే ఏడ్చేశాను.

ఆడియోగ్రామ్ అనే ఆ పరీక్ష కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. నా నీలం గుర్తులన్నీ అడుగున ఉన్నాయి. మూడు రోజుల్లోపల, వరసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో, అంటే బొంగురు నుంచి కీచు దాకా ఉండే శబ్దపు మెట్లలో మూడింట, వినికిడి 30 డెసిబెల్స్‌కు తగ్గకుండా పడిపోతే దాన్ని హఠాత్తు చెవుడు అంటారు. చాలామందిలో కారణం తేలదు. కొందరికి దానంతటదే తిరిగి వస్తుంది. అయినా ఎదురుచూస్తూ కూర్చోకూడదు, స్టీరాయిడ్ మొదటి రెండు వారాల్లో పడితేనే మేలు చేసే అవకాశం ఎక్కువ. నరం మీద గడ్డ ఏమైనా ఉందేమోనని ఎమ్మారై తీశారు. లేదు.

స్టీరాయిడ్ మాత్రలంటే నాకు భయం. షుగరు ఉంది. అప్పుడు డాక్టరమ్మ చెప్పిన సంగతే ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం. అమెరికాలో ఇదే జబ్బు వచ్చిన 250 మందిని రెండు జట్లు చేశారు. ఎవరు ఏ జట్టులో పడతారన్నది లాటరీయే. ఒక జట్టుకు రెండు వారాలు మాత్రలు, ఇంకో జట్టుకు ఆ రెండు వారాల్లోనే కర్ణభేరి దాటించి నాలుగు స్టీరాయిడ్ సూదులు. 2011లో ఫలితం అచ్చయింది. రెండు నెలలకు మాత్రల వాళ్ళకు సగటున 30.7 డెసిబెల్స్, సూదుల వాళ్ళకు 28.7 డెసిబెల్స్ తిరిగి వచ్చాయి. సూది మాత్రకు తీసిపోలేదు. మందే ఇవ్వని జట్టు అందులో లేదు కాబట్టి మందు ఎంత పనిచేసింది, ఒళ్ళు తనంతట తాను ఎంత కోలుకుంది అన్నది దాంతో తేలదని కూడా ఆమె దాచకుండా చెప్పింది. నాకు అంత నిజం చాలు. చెవి పోయిన భయంలో ఉండి కూడా లాటరీకి ఒప్పుకున్న ఆ 250 మంది ఎవరో నాకు తెలియదు. షుగరు పెద్దగా పెరగకుండా నాకు వైద్యం దొరికింది వాళ్ళ పుణ్యాన.

మా మరిది వేలూరుకు పోదామని, అక్కడి ఆసుపత్రిలో స్టీరాయిడ్ పెద్ద డోసు సెలైన్‌లో ఎక్కిస్తారేమోనని పట్టుబట్టాడు. జర్మనీలో పెద్ద డోసును మామూలు డోసుతో పోల్చి చూశారని, పెద్ద డోసు ఎక్కువ మేలేమీ చేయలేదని డాక్టరమ్మ అతనికి ఓపిగ్గా వివరించింది.

సూది వేసేటప్పుడు చెడ్డ చెవి పైకి పెట్టి పడుకోబెట్టి, కర్ణభేరిని మొద్దుబార్చారు. మందు లోపల పడగానే మంట, గది గిర్రున తిరిగింది. ఆ తర్వాత అరగంట కదలకూడదు, మాట్లాడకూడదు, గుటక కూడా వేయకూడదు. గుటక వేస్తే మందు గొంతులోకి జారిపోతుంది, లోపలి చెవిలోకి ఇంకదు. మా ఆయన పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని, పలకరించకుండా అట్లే ఉండిపోయాడు.

మూడో సూది తర్వాత ఒకరోజు ఎడమ చెవిలో కుక్కర్ విజిల్ తెలిసింది. ఆడియోగ్రామ్‌లో నీలం గుర్తులు మెల్లగా పైకెక్కాయి. కీచుమనే సన్న శబ్దాల దగ్గర మాత్రం ఇంకా కిందనే ఉన్నాయి. స, శ సరిగా వినపడవు. రాత్రుళ్ళు హోరు ఉంది, ఫ్యాను వేసుకుంటే దాని చప్పుడులో కలిసిపోతుంది. బడిలో ఎడమవైపు గోడ వచ్చేట్టు కుర్చీ మార్చుకున్నాను. పిల్లలకు కూడా చెప్పేశాను, కుడివైపు వచ్చి మాట్లాడతారు.

మొన్న చూపించుకోవడానికి పోతే, ఇలాంటి రోగుల రిపోర్టులన్నీ కలిపి పరిశీలిస్తున్నాం, మీవి వాడుకోవచ్చా అని అడిగారు. తెలుగులో ఉన్న సమ్మతి పత్రం ఇచ్చారు. పేరు ఉండదు, వయసు, షుగరు, చెవి గీతలు మాత్రం తీసుకుంటారు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, వైద్యానికి ఇబ్బంది ఉండదు. మొత్తం చదివి సంతకం పెట్టాను. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు.